సేటు చెప్పని మాట

హైదరాబాద్ శివారు ఊళ్లో కిరాణా కొట్టు నడిపే సేటు ఒకాయన ఉండేవాడు. తూకంలో గింజ తేడా రానివ్వడని పేరు. పెళ్లి సంబంధం దగ్గర్నుంచి పిల్లల చదువుల దాకా ఊరివాళ్లు ఆయన సలహానే అడిగేవారు.

అదే ఊళ్లో రిటైరైన లెక్కల సార్ ఒకాయనకు, చేతికందిన సొమ్ముతో కూతురి పేరు మీద ప్లాటు కొనాలని కోరిక. ముందుగా ఒక ఏజెంటు దగ్గరికి వెళ్లాడు. ఆమె తన రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించి, ఒక వెంచర్ కాగితాలన్నీ ఆయన ముందు పెట్టింది.

"లేఅవుట్ అనుమతి, రెరా నంబరు, టైటిల్ కాగితాలు ఇవి సార్. నంబరు రెరా వెబ్‌సైట్‌లో కొట్టి మీరే సరిచూసుకోండి. ఇంకో మాట. మీరు కొంటే వెంచర్ వాళ్లు నాకు ధరలో 2 శాతం ఇస్తారు. ఆ సంగతి తెలిసే మీరు కొనాలి."

సార్ మనసులో అనుమానం పడింది. అమ్ముడుపోతే డబ్బొచ్చే మనిషి ఉన్నదున్నట్టు చెబుతుందా అనుకుంటూ సేటు కొట్టుకు వచ్చాడు.

"కమిషన్ మనుషుల్ని నమ్మకండి సార్. 12 ఎకరాల్లో కొత్త వెంచర్ పడుతోంది. ప్రీలాంచ్ రేటు గజం 15 వేలే. రెరా నంబరొచ్చాక 20 వేలకు తక్కువ దొరకదు. మా ఇంటిమనిషి కాబట్టి చెబుతున్నా. మీరు నాకేమీ ఇవ్వక్కర్లేదు" అన్నాడు సేటు.

సార్ 200 గజాలకు 30 లక్షలు కట్టేశాడు. కాగితాలేవీ అడగలేదు. సేటు మాటే ఆయనకు కాగితం.

ఏడాది గడిచినా అనుమతి రాలేదు. వెంచర్ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, తన ఖాతా చూపించమని సార్ పట్టుబట్టాడు. ఇచ్చిన షీటులో ఆయన పేరు కింద ఒక పద్దు ఉంది: రెఫరల్, గజానికి 500, మొత్తం 1 లక్ష. ఎదురుగా సేటు పేరు.

అడిగితే సేటు బొంకలేదు. "తీసుకున్నాను సార్. కానీ నేను ఏజెంటును కాదు కదా. ఇద్దర్నీ కలిపానంతే" అన్నాడు.

సార్ ఆ మాట తీసుకెళ్లి ఏజెంటును అడిగాడు. ఆమె 2016 నాటి రెరా చట్టం తీసి చూపించింది. కొనేవారినీ అమ్మేవారినీ పరిచయం చేసి ప్రతిఫలం తీసుకునేవారు ఏ పేరు పెట్టుకున్నా చట్టం లెక్కలో ఏజెంటే. 9వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఆ పని చేయకూడదు. 10వ సెక్షన్ ప్రకారం రెరా నమోదు లేని వెంచర్‌లో ప్లాటు ఇప్పించకూడదు, బుకింగ్ నాడే కొనేవారికి కాగితాలన్నీ అందేలా చూడాలి, లెక్కలు రాసిపెట్టాలి. తప్పితే రోజుకు 10 వేల చొప్పున, ప్లాటు ధరలో 5 శాతం దాకా జరిమానా.

లెక్కల సార్‌కు లెక్క తేలింది. 30 లక్షల్లో 5 శాతం లక్షన్నర. సేటుకు ముట్టింది లక్ష.

ఆయన రెరాకు ఫిర్యాదు రాశాడు, వెంచర్ వాళ్ల మీదా సేటు మీదా. పంపేముందు సేటుకు చదివి వినిపించాడు.

"నా మీద కూడానా సార్?"

"మీరు డబ్బు తీసుకున్నందుకు నాకు బాధ లేదు సేటూ. మీ కొట్లో ముద్ర వేసిన రాళ్లతోనే, అందరికీ కనబడేలా తూస్తారు. నా 30 లక్షల దగ్గర మాత్రం కనబడని రాయి ఒకటి తక్కెడలో పెట్టారు. దాని సంగతి ముందే చెప్పుంటే మీ మాటను కూడా సరిచూసుకునేవాణ్ణి."

సేటు ఆ లక్షా తెచ్చి సార్ చేతిలో పెట్టాడు, జరిగింది జరిగినట్టు రెరా ముందు చెబుతానన్నాడు. 30 లక్షలు మాత్రం ఇంకా వెంచర్ వాళ్ల దగ్గరే ఉన్నాయి.

నీతి: రిజిస్ట్రేషన్ ఉన్నవారు పరిచయం చేసినందుకు ప్రతిఫలం పుచ్చుకోవడం తప్పు కాదు, దాన్ని దాచి సలహా ఇవ్వడం ద్రోహం. స్నేహితుడి మాట అనుకున్నవాడు దాన్ని సరిచూడడు. ఆ నమ్మకాన్నే మధ్యవర్తి అమ్ముకున్నట్టవుతుంది. ఒకరి తరఫున పని చేస్తూ వారికి తెలియకుండా ఆ పనిలోనే సొంత లాభం చూసుకుంటే, ఆ లాభాన్ని రాబట్టుకునే హక్కును 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ఇచ్చింది. రెరా పరిధిలోకి వచ్చే వెంచర్‌కు నమోదుకు ముందు అమ్మకమే కాదు, ప్రకటన కూడా కూడదు. కాబట్టి ఇల్లో స్థలమో కొనేవారు, చెప్పేది ఎంత దగ్గరివాళ్లైనా, ముందు రెండు మాటలు అడగాలి: రెరా నంబరెంత? ఇందులో మీకు ఎవరు ఎంత ఇస్తారు? జవాబు సూటిగా వచ్చేదాకా బయానా కట్టకూడదు.