ఇరుగుపొరుగు అంటే ఎవరు?

తెలుగులో ఇరుగుపొరుగు ఆడవాళ్ల మాట. ఇరుగమ్మ పొరుగమ్మ అంటాం గానీ ఇరుగయ్య పొరుగయ్య అనడం నేనెక్కడా వినలేదు. నలుగురు ఆడవాళ్లు గేటు దగ్గర నిలబడి ఇవాళ నీళ్లెందుకు రాలేదో మాట్లాడుకుంటే అవి అమ్మలక్కల కబుర్లు. అదే సంగతి నలుగురు మగవాళ్లు ప్లాస్టిక్ కుర్చీలేసుకుని మాట్లాడుకుంటే కాలనీ సంక్షేమ సంఘం కార్యవర్గ సమావేశం. దానికి మినిట్స్ పుస్తకం ఉంటుంది, రబ్బరు స్టాంపు ఉంటుంది, కార్పొరేటర్ ఆఫీసుకి వెళ్తే కూర్చోమని కుర్చీ చూపిస్తారు. ఒకే సంగతి ఒకచోట కబురుగా, ఇంకోచోట తీర్మానంగా ఎలా మారుతుందన్నదే నా ప్రశ్న. ఇది పైకి కనిపించేంత చిన్న ప్రశ్న కాదని నాకనిపిస్తుంది. ‘మనం’ అనే మాటను ఎవరి తరపున, ఏ హక్కుతో వాడుతున్నామన్న నైతిక ప్రశ్న ఇందులో ఉంది.

హైదరాబాదులో కాలనీ సంఘాలు చాలావరకు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనవి. సొసైటీ పెట్టడానికి ఏడుగురు మనుషులుంటే చాలు. సభ్యులెవరన్నది నియమావళిలో ఆ ఏడుగురే రాసుకోవచ్చు. రాసుకున్నారు కూడా: ‘కాలనీలో ఇల్లు లేదా ప్లాటు గల యజమానులు’. ఇంటికొక ఓటు. నేను అద్దెకుంటున్న కాలనీలో నెలకి మెయింటెనెన్స్ కట్టే బాధ్యత అద్దెవాళ్లది, ఓటు ఇంటివాళ్లది. వాళ్లలో కొందరు అమెరికాలో ఉంటారు, ఇక్కడి చెత్త వాసన ఎరగరు. అయినా సర్వసభ్య సమావేశం కోరం లెక్కలో వాళ్లుంటారు, నేనుండను. కొన్ని ఇళ్లు భార్యల పేరు మీద ఉన్నాయి. సమావేశానికి మాత్రం భర్తలే వచ్చి సంతకం పెడతారు. ‘మీ పేరు మీద లేదు కదండీ’ అని ఎవరూ అడగరు. పల్లెల్లో సర్పంచి మొగుడి మీద మనం బోలెడు వ్యాసాలు రాశాం, పట్నంలో ఈ ప్లాటు మొగుళ్ల మీద రాసినట్టు లేదు.

పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒకావిడ తన పేరే మరిచిపోతుంది. ఆ కథ చదివినప్పుడల్లా అది ఇంటి లోపలి కథ అనుకునేదాన్ని. సంఘం రిజిస్టరు చూశాక అది వీధి కథ కూడా అనిపించింది. అందులో ఫలానా నంబరు ఇంటి ‘మిసెస్’ ఉంది, ఫలానా వారి కోడలు ఉంది. పేరు లేదు.

అయితే కాలనీ గురించిన జ్ఞానం ఎవరి దగ్గరుంది? రోజు విడిచి రోజు వచ్చే నీళ్లు ఎన్నింటికొస్తాయో, లైన్‌మన్ ముందు ఏ వాల్వు తిప్పుతాడో, పల్లంలో ఉన్న ఇళ్లకి సంపు నిండేదాకా మిట్టమీది ఇళ్లకి చుక్క ఎందుకెక్కదో, ఏ వీధి దీపం ఎన్నాళ్ల నుంచి వెలగడం లేదో, చెత్త ఆటో ఏ సందు మలుపు నుంచే వెనక్కి తిరిగిపోతుందో ఆడవాళ్లకి తెలుసు. జలమండలి ఇంజినీరు వచ్చి ‘ప్రెషర్ ఎలా ఉంది’ అని అడిగితే అధ్యక్షులవారు లోపలికి కేకేసి కనుక్కుని చెబుతారు. టీ ట్రేతో వచ్చినావిడ నిలబడే జవాబు చెబుతుంది. రాసుకునే కాగితం మీద అది అధ్యక్షుల ఫిర్యాదు అవుతుంది.

సంఘంలో మహిళా విభాగం లేదా అంటే ఉంది. సంక్రాంతికి ముగ్గుల పోటీ, బతుకమ్మకి మైకూ సామియానా, మార్చి ఎనిమిదిన కుర్చీలాట. బతుకమ్మని నేను తక్కువ చేయడం లేదు. కాలనీలో అద్దెవాళ్లనీ సొంతవాళ్లనీ అడక్కుండా అందరూ ఒక వరసలో నిలబడేది ఆ తొమ్మిది రోజులే. కానీ డ్రైనేజీ బడ్జెట్ వచ్చేసరికి ఆ వరస ఎక్కడికి పోతుందో తెలియదు.

ఇక్కడ మనవైపు నుంచి ఒక వాదన వినిపిస్తుంది. వీధి కూడా ఇంటి పొడిగింపే, ఇల్లు దిద్దుకోవడం తెలిసినవాళ్లకి ఊరు దిద్దుకోవడం తెలుస్తుంది, కాబట్టి స్త్రీలకే పగ్గాలివ్వాలి అని. ఇది కొత్త వాదన కాదు. షికాగోలో జేన్ ఆడమ్స్ తన వార్డులో చెత్త ఎత్తడం లేదని పోరాడి 1895లో ఆ వార్డుకి చెత్త ఇన్‌స్పెక్టరుగా నియామకం పొందింది. పొద్దున్నే లేచి చెత్త బళ్ల వెంట తిరిగింది. పురపాలన అంటే పెద్ద ఎత్తున ఇల్లు నడపడమేనని ఆ తరం అమెరికన్ స్త్రీలు వాదించారు, ఓటుహక్కు కోసం ఆ వాదనని గట్టిగానే వాడుకున్నారు. నాకు ఆడమ్స్ మీద గౌరవం ఉంది, వాదన మీద లేదు. స్త్రీకి ఊరి మీద హక్కు ఆమె ఊడ్చగలదు కాబట్టి వస్తుందంటే, ఊడవనంటే పోతుందన్నమాట. పైగా మన దేశంలో ఊడ్చడం అనేసరికి అది స్త్రీత్వం దగ్గర ఆగదు, కులం దగ్గరికి వెళ్తుంది. తెల్లవారుజామున మా రోడ్డు ఊడ్చే స్త్రీలు వేరే, శుభ్రత కమిటీలో ఉండే స్త్రీలు వేరే. ‘మోరల్ బౌండరీస్’ (1993)లో జోన్ ట్రాంటో ఈ తేడానే పట్టుకుంది. సంరక్షణ గురించి ఆలోచించి బాధ్యత తీసుకోవడం అధికారం ఉన్నవాళ్లకి, చేతులు మురికి చేసుకుని ఆ పని చేయడం లేనివాళ్లకి దక్కుతుందంటుంది. కాలనీ సంఘాన్ని చూస్తే ఆ పుస్తకానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

అందుకే సంఘంలోకి స్త్రీలు వస్తే సరిపోతుందా అన్న ప్రశ్నని కొంచెం నిదానంగా చూడాలి. మా కాలనీలో జరిగిన గేటు వ్యవహారం చెబుతాను.

కాలనీకి వెనకవైపు ఒక బస్తీ, మధ్యలో నాలా. బస్తీ నుంచి మెయిన్ రోడ్డుకి రావాలంటే దగ్గరి దారి మా రెండో వీధి గుండానే. కొన్నేళ్ల కిందట మెడలో గొలుసులు లాక్కెళ్లడం రెండుసార్లు జరిగింది. ఒకావిడ కిందపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. సంఘం కెమెరాలు పెట్టించింది, తర్వాత వెనకవైపు ఇనప గేటు పెట్టాలని తీర్మానించింది. పొద్దున ఆరు నుంచి పది వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు తెరుస్తారు, అంటే పనివాళ్లు వచ్చిపోయే వేళలు. మిగతా సమయమంతా తాళం. గమనించవలసిందేమంటే ఈ తీర్మానాన్ని అందరికంటే గట్టిగా సమర్థించింది స్త్రీ సభ్యులే. ఆ కార్యవర్గంలో మొదటిసారి ముగ్గురు స్త్రీలున్నారు. మనం కోరుకున్నది జరిగింది. జరిగి, గేటు పడింది.

వాళ్ల భయం అబద్ధం కాదు. సాయంత్రం నడకకి వెళ్లిన స్త్రీ మెడ మీద చెయ్యి పడుతుందేమోనని వెనక్కి చూసుకుంటూ నడవడం స్వేచ్ఛ కాదు. దాన్ని మధ్యతరగతి భయమని తోసేయడం తేలిక, అందుకే నేనా పని చేయను. కానీ ఆ గేటు పడ్డాక బస్తీ స్త్రీలు ఏం చేస్తున్నారు? మధ్యాహ్నం ఆస్పత్రికో, రేషన్ షాపుకో, బడి నుంచి పిల్లని తెచ్చుకోవడానికో నాలా గట్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్తున్నారు. గట్టు మీద దీపాల్లేవు, కింద కల్లు కాంపౌండు. రాత్రి షిఫ్టు దిగి వచ్చే ఆడపిల్లలకీ అదే దారి. అంటే భయం తగ్గలేదు, ఒక గుంపు స్త్రీల నుంచి ఇంకో గుంపు స్త్రీలకి బదిలీ అయింది. ‘స్త్రీల భద్రత కోసం’ అని మినిట్స్‌లో రాసిన మాటలో స్త్రీలు అన్న పదానికి అర్థం ఇంటి నంబరున్న స్త్రీలు అని.

రోడ్డు కాలనీది కాదు. కార్పొరేషన్ వేసింది, ప్రజల డబ్బుతో వేసింది. నెలనెలా కట్టే మెయింటెనెన్స్‌తో కొన్నది వాచ్‌మన్ జీతం, గేటు, తాళం మాత్రమే. కట్టేవాళ్లదే నిర్ణయం అన్న వాదనని వాళ్ల లెక్కలోనే చూసినా, తాళం వాళ్లది కావచ్చు గానీ దారి వాళ్లది కాదు.

ఇది ఒక కాలనీ దుర్మార్గమని అనుకోవడం లేదు. లోపం ఇంకొంచెం పైనుంచి వస్తోంది. 1992లో ఆమోదం పొంది 1993లో అమల్లోకి వచ్చిన రెండు రాజ్యాంగ సవరణల్ని పక్కపక్కన పెట్టి చదవండి. 73వ సవరణ ప్రకారం గ్రామంలో ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభే. గుంట భూమి లేని కూలితల్లి కూడా, ఎవరి అనుమతీ లేకుండా, ఆ సభలో భాగం. గ్రామసభలు ఎక్కడ సరిగ్గా జరుగుతున్నాయని అడగొచ్చు, అడగాలి కూడా. కానీ జరగనప్పుడు ఎందుకు జరగలేదని నిలదీసే హక్కు ఆమెకి రాసి ఉంది. 74వ సవరణలో పట్నానికి అలాంటి సభ లేదు. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్నచోట వార్డు కమిటీలుండాలంది, వాటిలో ఎవరుండాలన్నది రాష్ట్రాల చట్టసభలకి వదిలేసింది. ఆ ఖాళీలోకే సొంతింటి సంఘాలు వచ్చి కూర్చున్నాయి. ఢిల్లీలో 2000లో మొదలైన ‘భాగీదారీ’ అలాంటి సంఘాలనే ప్రభుత్వానికి భాగస్వాములుగా గుర్తించింది. తెలంగాణ 2019 మునిసిపాలిటీల చట్టం వార్డుకి నాలుగు కమిటీలన్నది: యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖ పౌరులు. మహిళలు మిగతా మూడింటిలో ఉండకూడదని ఎవరూ అనలేదు గానీ ఆ పేర్ల వరస చూడండి. ప్రముఖులు ఒక జాతి, మహిళలు ఇంకో జాతి. ఇళ్లలో పనిచేసేవాళ్లు, తోపుడుబండ్లవాళ్లు ఏ పేరు కిందా లేరు.

మరోవైపు 2020 హైదరాబాదు నగరపాలక ఎన్నికల్లో 150 వార్డుల్లో సగం స్త్రీలకి కేటాయించారు. వార్డు స్థాయిలో సగం, వీధి స్థాయిలో మిసెస్. ఈ రెండూ ఒకే నగరంలో ఒకేసారి సాధ్యం కావడమే నన్ను ఆలోచింపజేస్తుంది. ఇదే నగరంలో 1967లో మొదలైన పట్టణ సామాజికాభివృద్ధి పథకం బస్తీల్లో మహిళా మండళ్లతో, బాలవాడీలతో పనిచేసింది. దానికి దాని పరిమితులున్నాయి, అధికారుల చేతిలోని పథకమే అది. అయినా అక్కడ బస్తీలో ఉండటమే అర్హత, పట్టా కాదు. కాలనీలు బస్తీల నుంచి నేర్చుకోగలిగింది ఏమైనా ఉందా అని మా సమావేశంలో అడిగితే నవ్వుతారు.

చిన్న సముదాయం తనంతట తానే ప్రజాస్వామికమన్న నమ్మకం మనలో ఎక్కడో లోతుగా ఉంది. అంబేద్కర్‌కి ఆ నమ్మకం లేదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో గ్రామాన్ని సంకుచితత్వపు గుంటగా చెప్పినప్పుడు ఆయన కొట్టింది ‘మన ఊరు’ అన్న ముద్దుమాటనే. కాలనీ కూడా మనవాళ్లు, బయటివాళ్లు అన్న గీత గీసుకున్న ఊరే. ఐరిస్ మేరియన్ యంగ్ 1990లో ఇంకో వైపు నుంచి ఇదే చోటికొచ్చింది. ‘సముదాయం’ అన్న ఆదర్శం ఒకేలా ఉండేవాళ్ల కలయికని కోరుతుంది, భిన్నంగా ఉన్నవాళ్లని వెలివేసే వైపు మొగ్గుతుంది అని ఆమె వాదన. దానికి బదులుగా ఆమె నగర జీవనాన్ని, అంటే పరిచయం లేనివాళ్లు ఒకరి పక్కన ఒకరు మసలగలగడాన్ని ముందుకు తెస్తుంది. నేను ఆమెతో పూర్తిగా ఏకీభవించలేను. పరిచయం లేనితనంలో హాయి ఉందన్నది కులం అడక్కుండా ఇల్లు అద్దెకిచ్చే నగరాల మాట. ఇక్కడ టు-లెట్ బోర్డు కింద నిలబడగానే మొదటి ప్రశ్న ‘మీరేవిట్లు’ అన్నది. ఒంటరి స్త్రీకి రెండో ప్రశ్న కూడా ఉంటుంది.

మరి దారిన పోయే ప్రతివాళ్లకీ ఓటివ్వాలా అని ఒక సభ్యురాలు నన్నడిగారు. న్యాయమైన ప్రశ్నే. పార్కులో ఏ మొక్క వేయాలన్నదానికి అక్కర్లేదు. కానీ ఒక నిర్ణయం ఎవరి నడకని మారుస్తుందో వాళ్లు ఆ నిర్ణయపు గదిలో ఉండాలి. అద్దెదారులకి సభ్యత్వం ఇవ్వమని నేను అడుగుతున్నాను, దానికోసం సంతకాలు కూడా సేకరిస్తున్నాం, ఇప్పటికి పందొమ్మిదొచ్చాయి. అయితే అది దొరికితే నాకు దొరుకుతుంది. గేటు సంగతి అలాగే ఉంటుంది. దానికి బస్తీవాళ్లతో కలిసి కూర్చునే ఉమ్మడి సమావేశం కావాలి, కనీసం దారి, నీళ్లు, నాలా అనే మూడు విషయాల మీద. ‘ఉమ్మడి’ అన్న మాటకే కార్యదర్శిగారి ముఖం మారింది.

మా ఇంట్లో పనిచేసే అక్క ఆ బస్తీలోనే ఉంటుంది. ఉమ్మడి సమావేశం పెడితే వస్తావా, వచ్చి మాట్లాడతావా అని అడిగాను.

“మాట్లాడనీకేంది, మాట్లాడ్త. గని మీ మీటింగు ఐతారం పొద్దుగాల పదింటికి పెడ్తరు గదా. గప్పుడు నాకు నాలుగిండ్ల పనుంటది. గా నాలుగిండ్లోల్లే మీటింగుల ఉంటరు.”

వచ్చే సమావేశం ఏ రోజు, ఎన్ని గంటలకన్నది ఇంకా తేలలేదు. అజెండాలో మొదటి అంశంగా అదే పెట్టమని రాతపూర్వకంగా అడిగాం.