రథమూ దాని అవయవాలూ: పాత అమెరికన్ కార్లలో ‘అదే ఇది’ అన్న ప్రశ్న

ఒక వస్తువులోని భాగాలు ఒక్కొక్కటే మారుతూ పోతే చివరికి మిగిలేది ఆ వస్తువేనా అన్న ప్రశ్నను ప్లుటార్క్ థీసియస్ ఓడ ప్రస్తావనలో గ్రీకు తాత్త్వికుల వివాదంగా చెప్పాడు. పదిహేడో శతాబ్దంలో థామస్ హాబ్స్ దానికి మరో ముడి వేసి, తీసేసిన పాత పలకలన్నిటినీ దాచి వాటితోనే ఇంకో ఓడ కడితే రెండింటిలో ఏది అసలుదని అడిగాడు. భారతీయ చింతనలో ఈ చర్చకు ఓడ బదులు రథం ఆధారమైంది. పాళీ గ్రంథమైన మిలిందపన్హలో నాగసేన భిక్షువు యవనరాజు మిలిందుణ్ణి ఇరుసు రథమా, చక్రాలు రథమా, నొగ రథమా అని వరసగా ప్రశ్నించి, భాగాల కూర్పును ఆశ్రయించి లోకం పెట్టుకున్న వ్యవహారనామమే రథమని అతనిచేతనే ఒప్పిస్తాడు. ఈ ప్రశ్నకు ఏదో ఒక జవాబు తేల్చుకోకపోతే పూట గడవని చోటు నేటి ప్రపంచంలో ఒకటుంది. అది 1950లు మొదలుకొని 1970ల ఆరంభం వరకు తయారైన అమెరికన్ కార్లను సేకరించి, బాగుచేసి, కొని, అమ్మేవారి లోకం.

ఆ లోకంలో ధరను నిర్ణయించే ప్రధానమైన మాట ‘నంబర్స్ మ్యాచింగ్’. కారు కార్ఖానా నుంచి బయటికి వచ్చిన నాడు దానిలో ఉన్న ఇంజినే నేటికీ ఉన్నదనీ, ఇంజిన్ మీది ముద్ర కారు గుర్తింపు సంఖ్యతో, అంటే వి.ఐ.ఎన్.తో సరిపోతున్నదనీ దాని అర్థం. అదే ఏడాది, అదే నమూనా, అదే రంగు గల రెండు కార్లు పక్కపక్కన నిలిచినప్పుడు, నడకలో ఏ తేడా లేకపోయినా, సంఖ్య కలిసిన కారు రెండోదానికన్నా చాలా ఎక్కువ పలుకుతుంది. బయటినుంచి చూసేవారికి ఇది ధనికుల చాదస్తంగా తోచవచ్చు గాని, ఆ తీర్పు తొందరపాటు. ఆ ధరలో కొంత భాగం దురాశ అయినా, మిగిలినది వస్తువు తాదాత్మ్యాన్ని గురించి, అంటే అది తానుగానే నిలిచి ఉండటాన్ని గురించి, మనుషులు నిజాయితీగా పడే తపన.

నాగసేనుని మాటనే ప్రమాణంగా తీసుకుంటే ఈ తపనకు ఆధారం లేదు, ఎందుకంటే ఇంజిన్ కారు కాదు, చట్రం కారు కాదు, గుర్తింపు సంఖ్య చెక్కిన రేకు అసలే కారు కాదు. న్యాయవైశేషికులు దీనికి ఒప్పుకోరు. అవయవాల కూర్పుకు భిన్నంగా ‘అవయవి’ అనే వేరే ద్రవ్యం పుడుతుందనీ, అది సమవాయమనే విడదీయరాని సంబంధంతో అవయవాలలో ఉంటుందనీ వారి సిద్ధాంతం. అయితే ఈ వాదం సేకర్తకు ఊరటనివ్వదు సరికదా మరింత కఠినంగా పరిణమిస్తుంది. వస్త్రంలోంచి ఒక్క దారం లాగినా పాత వస్త్రం నశించి కొత్తది పుట్టినట్టేనని వారు అంటారు గనుక, ఆ లెక్కన స్పార్క్ ప్లగ్ మార్చిన ప్రతిసారీ కొత్త కారు పుట్టినట్టే. ‘అదే ఇది’ అన్న గుర్తింపుకు, అంటే ప్రత్యభిజ్ఞకు, అటువంటి చోట్ల సజాతీయతే కారణమని, వస్తువు ఒకటే కాకపోయినా జాతి ఒకటి కావడం వల్ల అలా తోస్తుందని వారి సమాధానం. కార్ల వ్యవహారంలో దీనికి సరిగ్గా సరిపోయే వర్గం ఉంది. అసలు ఇంజిన్ పోయినప్పుడు అదే నమూనాకు చెంది, కారు తయారీకి కొద్ది వారాల ముందు పోతపోసిన మరో ఇంజిన్‌ను వెతికి బిగిస్తారు. దాన్ని ‘డేట్ కోడ్ కరెక్ట్’ అంటారు. అది సజాతీయం, అదే కాదు. ధర కూడా సంఖ్య కలిసిన కారుకూ కలవనిదానికీ నడుమే నిలుస్తుంది.

జైనుల మార్గం ఇక్కడ ఎక్కువ ఉపకరిస్తుంది. ద్రవ్యం నిలిచి ఉంటుంది, పర్యాయాలు అంటే దాని అవస్థలు పుడుతూ నశిస్తూ ఉంటాయి అన్న తమ సిద్ధాంతానికి సమంతభద్రుడు ఆప్తమీమాంసలో బంగారు కుండను కరిగించి కిరీటం చేయడాన్ని ఉదాహరించాడు. కుండ కోరినవాడు దుఃఖిస్తాడు, కిరీటం కోరినవాడు సంతోషిస్తాడు, బంగారమే కోరినవాడికి రెండూ సమానం. రంగు వెలిసిన 1969 షెవ్రొలే కమారో కారు ఒకటి దుకాణానికి చేరి, పాత పెయింటు గీయించుకుని అద్దంలా మెరుస్తూ బయటికి వచ్చినప్పుడు జరిగేదీ ఇదే. కార్ఖానా పెయింటును ప్రేమించినవాడికి అది తీరని నష్టం, మెరుపును కోరినవాడికి పండుగ, గుర్తింపు సంఖ్యను మాత్రమే పట్టించుకునేవాడికి ఏమీ జరగలేదు. మూడు అభిప్రాయాలకూ కారణం వస్తువులోనే ఉంది.

అయితే అసలు చిక్కు తాదాత్మ్యం ఉందా అన్నదానికన్నా అది తెలిసేదెట్లా అన్నదానిలో ఉంది. అనేక షెవ్రొలే వి-8 ఇంజిన్లలో, ప్రయాణికుడి వైపు సిలిండర్ హెడ్‌కు ముందు, వేలెడంత చదునైన లోహతలం ఒకటి కనిపిస్తుంది. దాని మీద ఇంజిన్ కూర్చిన కార్ఖానా, తేదీ, రకం తెలిపే అక్షరాలూ అంకెలూ ఒకచోట, కారు గుర్తింపు సంఖ్యలోని చివరి భాగం మరోచోట గుద్ది ఉంటాయి. ఆ ముద్రను కంటితో చదవడం ప్రత్యక్షం. ఇంజిన్ బ్లాక్ పోతపోసిన తేదీ కారు తయారైన తేదీ కన్నా ముందుదై ఉండాలి, కార్యం కారణానికి ముందు పుట్టదు గనుక అని లెక్కకట్టడం అనుమానం, అంటే హేతువు ద్వారా సాధించే జ్ఞానం. కార్ఖానా పనివారి కోసం అచ్చువేయగా సీటు స్ప్రింగులలోనో పెట్రోలు ట్యాంకు పైనో ఇరుక్కుపోయిన ‘బిల్డ్ షీట్’ను నమ్మడం శబ్దప్రమాణం, అంటే ఆప్తవాక్యం. కార్లు కొనేవారు న్యాయశాస్త్రం చదివి ఉండకపోవచ్చు గాని, పోర్టబుల్ లైటు పట్టుకుని ఇంజిన్ మీదికి వంగినప్పుడు వారు చేసేది ప్రమాణ విచారమే.

హేత్వాభాసకు, అంటే హేతువులా కనిపించే దోషానికి, ఇక్కడ చోటు విశాలంగా ఉంది. ఆ చదును తలం మీద బ్రోచింగ్ అనే యంత్రప్రక్రియ మిగిల్చిన సన్నటి సమాంతర గీతలుంటాయి. మోసం చేసేవాడు పాత ముద్రను అరగదీసి కావలసిన అంకెలు గుద్దితే, అంకెలు కుదిరినా ఆ గీతలు కనిపించవు, లేదా వాటి పోకడ తప్పుతుంది. కానీ గీతలు లేనంత మాత్రాన మోసం జరిగినట్టూ కాదు. నిజాయితీపరుడైన మెకానిక్ ఎన్నడో ఇంజిన్ విప్పి, బ్లాక్ పైతలాన్ని చదును చేయించినప్పుడు నిజమైన ముద్రే చెరిగిపోయి ఉండవచ్చు. అప్పుడు ఒకచోట సత్యం ఉండి సాక్ష్యం లేదు, మరోచోట సాక్ష్యం ఉండి సత్యం లేదు. సంత మాత్రం రెండోదానికే ఎక్కువ చెల్లించే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. 1967లో ఎల్-88 ఇంజిన్‌తో తయారైన కార్వెట్‌లు ఇరవై మాత్రమే. వాటిలో ఒకటి 2014 జనవరిలో అరిజోనాలోని స్కాట్స్‌డేల్ వేలంలో రుసుములతో కలిపి 38 లక్షల 50 వేల డాలర్లు పలికిందంటే, ఒక ముద్ర విలువ ఏమిటో, దాన్ని దొంగిలించే ఆశ ఎంతటిదో ఊహించవచ్చు.

నకళ్ళ సంగతి ఇంతకన్నా సూక్ష్మం. 1966 నుంచి కొన్నేళ్ళపాటు పోంటియాక్ జి.టి.ఓ. కారు గుర్తింపు సంఖ్య 242తో మొదలవుతుంది గనుక, అదే బాడీ గల లెమాన్స్‌ను జి.టి.ఓ.గా చూపినా సంఖ్య పట్టిస్తుంది. కానీ 1970 షెవ్రొలే షెవెల్‌లో ఎస్.ఎస్. (సూపర్ స్పోర్ట్) అనేది ఎంచుకుని తీసుకునే అదనపు సదుపాయం మాత్రమే కావడంతో గుర్తింపు సంఖ్య మౌనంగా ఉంటుంది, కాగితమే మాట్లాడాలి. ఇక డైనకార్న్ అనే సంస్థ 1969 కమారో, 1967 మస్టాంగ్ వంటి బాడీలను సరికొత్త ఉక్కుతో తయారుచేసి అమ్ముతుంది. తుప్పు తిన్న అసలు కారు గుర్తింపు సంఖ్య రేకును తెచ్చి ఆ కొత్త బాడీకి బిగించాలన్న ఆలోచన రాగానే హాబ్స్ ప్రశ్న న్యాయస్థానం గుమ్మం దాకా వస్తుంది, ఎందుకంటే మరమ్మతు వంటి మినహాయింపులు తప్ప, తెలిసి ఆ సంఖ్యను తొలగించడం, దిద్దడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. నకలును నకలని చెప్పి, ‘ట్రిబ్యూట్’ పేరుతో అమ్మేవారిలో మాత్రం ఏ దోషమూ లేదు. అది నచ్చిన రూపానికి చేసే పూజ.

సంఖ్యకు ఇంత బలం ఉన్నప్పుడు శరీరానికి విలువ ఏమిటన్న సందేహానికి ‘బుల్లిట్’ సినిమా కార్లు జవాబు చెబుతాయి. 1968 నాటి ఆ చిత్రంలో స్టీవ్ మెక్వీన్ నడిపిన ఆకుపచ్చ మస్టాంగ్ దశాబ్దాలపాటు ఒకే కుటుంబంలో ఉండిపోయి, 2020 జనవరిలో ఫ్లోరిడాలోని కిసిమీ వేలంలో 34 లక్షల డాలర్ల పాట పలికింది. మాసిన రంగునూ, చిత్రీకరణ కోసం కెమెరా బిగించేందుకు చేసిన అతుకులనూ అలాగే ఉంచారు. సాహస దృశ్యాలలో వాడిన దాని జంట కారు 2017లో మెక్సికోలోని బాహా ప్రాంతంలో బయటపడింది. దాన్ని మరో సినిమాలోని మస్టాంగ్‌కు నకలుగా మార్చే పని మొదలైన తరువాతే గుర్తింపు సంఖ్య దాని చరిత్రను చెప్పింది. మొదటిదానిలో దేహమూ చరిత్రా కలిసే నిలిచాయి. రెండోదానిలో దేహం చాలావరకు పోయినా ఎడతెగని ఉనికి మిగిలింది. బౌద్ధులు సంతానం అని పిలిచిన క్షణాల అవిచ్ఛిన్న ప్రవాహం ఇటువంటిదే. నాగసేనుడు రథాన్ని పేరుగా తేల్చాడు గాని, ఆ పేరు ఊరికే అంటుకోదు, కారణపరంపర తెగకుండా ఉన్నచోటే అంటుకుంటుంది.

ఆగమాలలో జీర్ణోద్ధరణ విధి ఈ సంగతిని ఎరిగే ఏర్పడింది. ఆలయం శిథిలమైనప్పుడు దేవతాకళను కుంభంలోకి ఆవాహన చేసి, బాలాలయంలో పూజ ఆగకుండా సాగించి, పని పూర్తయ్యాక తిరిగి ప్రతిష్ఠిస్తారు. రాయి మారవచ్చు గాని నడుమ ఒక్క పూట కూడా ఆరాధన తెగకూడదు. కార్లకు అటువంటి క్రతువు లేదు గనుక ఆ పని సాక్ష్యపత్రాల మీద, వాటిని ఒక యజమాని నుంచి మరొకరికి అందించే మనుషుల మాట మీద పడింది. అందువల్ల అమ్మేవాడు చెప్పే అబద్ధం కొనేవాడి డబ్బుతో ఆగదు. తరువాతి ప్రతి యజమానీ దాన్నే సత్యంగా అందించుకుంటూ పోతాడు గనుక, ఆ కారు ఏదన్నది ఇక ఎవరికీ తెలియకుండా పోతుంది. బ్లాక్ మార్చినవాడు ఆ చదును తలాన్ని ఖాళీగానే వదిలి, ఏ ఏడాది, ఎందుకు మార్చవలసి వచ్చిందో కాగితం మీద రాసి కారుతోపాటు ఇచ్చినప్పుడు ధర తగ్గుతుంది. ఆ తగ్గిన ధరకే అమ్మినవాడు తన కారును తరువాతి యజమానికి అదే కారుగా అప్పగించినట్టు.