అభ్యంతరాల పుస్తకం

సబ్ ట్రెజరీలో 28 ఏళ్లుగా నా పని ఇతరుల బిల్లుల్లో తప్పులు పట్టడం. కరువు భత్యం ఒక శాతం ఎక్కువ కట్టినా, పద్దు సంఖ్యలో ఒక అంకె తారుమారైనా, ఒక సంతకం తక్కువైనా అభ్యంతరం రాసి వాపసు చేస్తాను. పంపినవాళ్లు కాసేపు విసుక్కుంటారు, సరిచేసి మళ్లీ పంపుతారు. ఈ రాకపోకల్లో ఎవరికీ అవమానం లేదు. బిల్లు చెల్లాలంటే ఇంకేం కావాలో ఆ అభ్యంతరంలోనే రాసి ఉంటుంది కనుక, నా దృష్టిలో అది సాయమే.

నా మీద మాత్రం అభ్యంతరం రాసేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. అమ్మ పోయింది. నాన్న పోయారు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు నేను చెప్పేది పూర్తికాకముందే ‘అంతే మేడమ్’ అంటారు. అత్తవారింట్లో ‘పెద్దొదిన అన్నాక ఇంక తిరుగేముంది’ అని మాట ముగిస్తారు. యాభై దాటిన మనిషి చుట్టూ గౌరవం గోడలా లేస్తుంది. ఆ గోడ లోపల మనం చేసే తప్పులు బయటివాళ్లకు కనిపిస్తూనే ఉంటాయి, మనకు చెప్పేవాళ్లు ఉండరు. ఈ సంగతి నాకు చదరంగం బల్ల ముందు కూర్చున్నాకే అర్థమైంది.

మా నాన్న అరుగు మీద ఆడేవారు. ఆయన ఆడింది పాత ఆట. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే జరిగేది. చెక్ పడని రాజు ఒకే ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. నేను స్తంభానికి ఆనుకుని నిలబడి చూస్తూ పావుల నడక నేర్చుకున్నాను. కూర్చోబెట్టి నేర్పింది అన్నయ్యకి. ఆ రోజుల్లో ఆడపిల్లకి చదరంగం నేర్పాలని ఎవరికీ తోచలేదు. నాకూ అడగాలని తోచలేదు.

2019 డిసెంబరు చివర్లో పేపరు తెరిస్తే గుడివాడలో పుట్టిన కోనేరు హంపి మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయిందని వార్త. తల్లి కావడం వల్ల ఆటకు దాదాపు రెండేళ్లు దూరంగా ఉండి, తిరిగొచ్చి గెలిచింది. ఆమెకు అప్పుడు 32, నాకు 51. పోల్చుకోవడానికి ఏమీ లేదు, పోల్చుకోలేదు కూడా. కానీ ఆ సాయంత్రం అటక మీద నుంచి నాన్న బల్ల దింపాను. ఒక ఏనుగు పోయింది, దాని స్థానంలో ఒక సీసా మూత పెట్టుకున్నాను.

మొదటి ఏడాదంతా వృథా. ఓపెనింగులు బట్టీపట్టాను. సిసిలియన్ డిఫెన్సులో నైడార్ఫ్ శాఖ పదిహేను ఎత్తుల దాకా నోటికొచ్చేది. ఎదుటివాళ్లు నాలుగో ఎత్తులోనే పుస్తకంలో లేనిది ఏదో ఆడేవాళ్లు, అక్కడితో నా చదువు అయిపోయేది. ఓడిన ప్రతిసారీ జ్ఞాపకశక్తి తగ్గిందనీ, వయసు మీదపడిందనీ అనుకునేదాన్ని.

తర్వాత ఇమాన్యుయేల్ లాస్కర్ పాఠ్యపుస్తకం చదివాను. 1894 నుంచి 1921 వరకు, అంటే 27 ఏళ్లు ప్రపంచ చాంపియన్‌గా ఉన్న మనిషి, గణిత శాస్త్రవేత్త. చదరంగం విద్యకు 200 గంటల ప్రణాళిక వేసి, గంటలను పద్దుల వారీగా పంచాడు. నియమాలకు, అభ్యాసాలకు 5. ప్రాథమికమైన ఎండ్‌గేమ్‌లకు 5. ఓపెనింగులకు 10. కాంబినేషన్లకు 20. స్థితిని బట్టి ఆడే ఆటకు 40. మిగిలిన 120 గంటలూ ఆడటానికి, ఆడినదాన్ని విశ్లేషించుకోవడానికి. ఆ పట్టిక చూడగానే నాకు బడ్జెట్ పుస్తకం చూసినట్టనిపించింది. ఓపెనింగులకు నూటికి ఐదు వంతులు, ఆడి విశ్లేషించుకోవడానికి అరవై వంతులు. నేను ఆ ఐదు వంతుల పద్దు మీద ఏడాది ఖర్చు పెట్టి, అరవై వంతుల పద్దును ముట్టుకోనేలేదు.

మర్నాటి నుంచి లాస్కర్ కేటాయింపు ప్రకారమే నడిచాను. వారంలో ఆరు రోజులు తెల్లవారుజామున ఐదు నుంచి ఆరు వరకు, పాలు పొయ్యి మీద పెట్టేలోపు చదువు. ఆదివారం ఒక పెద్ద ఆట.

జ్ఞాపకశక్తి గురించిన భయాన్ని ఇంకో చదువు తీర్చింది. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. నిజమైన ఆటలోని స్థితిని ఐదు సెకన్లు చూపించి తీసేస్తే, మాస్టర్ చాలా పావులను మళ్లీ పేర్చగలిగాడు, కొత్త ఆటగాడు నాలుగైదుకు మించి పెట్టలేకపోయాడు. అవే పావులను ఇష్టం వచ్చినట్టు చల్లి చూపిస్తే మాస్టర్ ఆధిక్యం కాస్తా పోయింది. అంటే మాస్టర్ జ్ఞాపకశక్తి మామూలుదే. అతనికి కనిపించేవి విడివిడి పావులు కావు, ఎన్నోసార్లు చూసి ఎరిగిన అమరికలు.

ఇది చదివి పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. పే బిల్లు ముందుకొస్తే నేనూ అంకెలు ఒక్కొక్కటీ చదవను. ఇంటి అద్దె భత్యం గడిలో తప్పు ఉంటే, ఎందుకో తెలియకముందే కన్ను అక్కడ ఆగుతుంది. ఆ కన్ను పుట్టుకతో రాలేదు. అవే బిల్లులు నెలనెలా చూడగా చూడగా వచ్చింది. ఇంకో కన్ను తెచ్చుకోవడానికి దారి అదే. ఆక్సెల్ స్మిత్, హాన్స్ టిక్కనెన్ అనే స్వీడన్ గ్రాండ్‌మాస్టర్లు 2018లో ఒక పుస్తకం రాశారు. దానికి వడ్రంగిపిట్ట పేరు పెట్టారు. ఒకే చదరంగం లెక్కల కట్టను మళ్లీ మళ్లీ, ప్రతి విడతకూ గడువు తగ్గించుకుంటూ చేయడం వాళ్ల పద్ధతి. నేను మూడు వందల లెక్కలు ఎంచుకుని ఆరు విడతలు చేశాను. మొదటి విడతకు రెండు నెలలు పట్టింది, ఆఖరిది రెండు రోజుల్లో అయింది. కొత్తది చదివితేనే చదువు అనుకునే మనస్సుకి ఇది కష్టమే. దేవుడి గదిలో రోజూ అదే దీపం వెలిగించే చేతికి అంత కష్టం కాదు.

అసలు చిక్కు వేరే ఉంది. ట్రెజరీలో ఒక నియమం ఉంది. బిల్లు తయారుచేసిన మనిషే దాన్ని పాసు చేయకూడదు. ఎంత నిజాయితీపరులైనా సరే, ఆ రెండు పనులూ ఒకే చేతిలో ఉండకూడదు. ఒంటరిగా చదువుకోవడంలో జరిగేది సరిగ్గా అదే కదా. ఆడేది నేను, తప్పు పట్టాల్సింది నేను, తప్పును క్షమించేది కూడా నేనే. గురువు ఉంటే ఈ బెడద లేదు. మా ఊళ్లో పిల్లలకు నేర్పేవాళ్లున్నారు కానీ, పెద్దవాళ్లకు మొహమాటపడతారు.

ఈ చిక్కుకి నాకు దొరికిన దారి రాత. ఆదివారం ఆట అయిన వెంటనే, కంప్యూటర్ తెరవకుండా, గెలిచినా ఓడినా, ఒక రూళ్ల పుస్తకంలో నాలుగు గడులు నింపుతాను. ఎన్నో ఎత్తు, అప్పుడు ఏమనుకున్నాను, ఏం చూడలేదు, గడియారంలో ఎంత సమయం మిగిలి ఉంది. మూడో గడి మాత్రం ఆ రోజు నింపలేను, బుధవారం నింపుతాను. ఆ మూడు రోజుల్లో ఆదివారం నాటి మనిషి కొంచెం దూరమవుతుంది. ఆమె రాసిన బిల్లు బుధవారం నాటి మనిషి చేతికి వస్తుంది. ఒకే మనిషిని ఇద్దరుగా విడదీయడానికి కాలం తప్ప వేరే సాధనం నాకు తెలియదు. ‘అప్పుడు ఏమనుకున్నాను’ అన్నది వెంటనే రాయకపోతే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. రెండు రోజులు ఆగితే మనస్సు ఆ తప్పుకి మంచి కారణం ఒకటి తయారుచేసి పెడుతుంది. కంప్యూటర్ చూపించే సరైన ఎత్తు చూశాక ‘నేనూ అదే అనుకున్నాను’ అనిపిస్తుంది. అనుకోలేదు. పుస్తకంలో అలా లేదు.

నలభై ఆటలయ్యాక లెక్క తీశాను. 26 ఓడాను. నైడార్ఫ్ మరిచిపోయి ఓడినవి రెండే. గడియారం అయిపోయి ఓడినవి మూడు. పదిహేడు ఆటల్లో మూడో గడిలో దాదాపు ఒకే మాట ఉంది: అవతలివాళ్లు ఆ ఎత్తు ఎందుకు వేశారో అడగలేదు. నా ఆలోచన నాకు అంత బాగుంది. వాళ్లు పావు కదిపి చెయ్యి తీసేలోపే నా జవాబు సిద్ధంగా ఉంది. ఆ పదిహేడింటిలో చాలావాటిలో గడియారంలో అరగంట పైనే మిగిలి ఉంది. వయసు మీద మోపిన నేరం వయసుది కాదు.

ఆ పదిహేడు వరుసలు చూస్తుంటే మా అమ్మాయి గుర్తొచ్చింది. బెంగళూరు నుంచి ఫోన్ చేసి ఉద్యోగం గురించో, అత్తగారి ఆరోగ్యం గురించో మొదలుపెడుతుంది. రెండో వాక్యానికే నా సలహా తయారు. తను ‘సరేనమ్మా’ అని వేరే మాటలోకి వెళ్లిపోతుంది. ఆ ‘సరేనమ్మా’ అంగీకారమనే అన్నాళ్లూ అనుకున్నాను. అది వెనక్కి తీసుకున్న బిల్లు. అభ్యంతరం రాసే అవకాశం కూడా లేకుండా తీసుకెళ్లిపోయిన బిల్లు.

రెండేళ్ల కిందట ఒక కాలేజీ హాల్లో రేటింగ్ టోర్నమెంట్ ఆడాను. నాలుగో రౌండులో పదేళ్ల అబ్బాయి ఎదురుపడ్డాడు. చివరికి నాకు ఏనుగు, అతనికి ఏనుగూ ఒక బంటూ మిగిలాయి. ఇది 18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు, సంగీతకర్త ఫిలిడోర్ పేరుతో ఉన్న స్థితి, డ్రా. నేను చదివినదే. బలహీనమైన పక్షం తన ఏనుగును మూడో వరసలో కాపలా ఉంచాలి. బంటు ఆ వరసలోకి అడుగుపెట్టాకే ఏనుగు అవతలి అంచుకి వెళ్లి వెనక నుంచి చెక్‌లు చెప్పాలి. నేను ఒక ఎత్తు ముందే కాపలా వదిలేశాను. ఓడిపోయాను. చేతులు కలిపాక ఆ అబ్బాయి పావులు వెనక్కి పెట్టి, ‘ఇక్కడ తొందరపడ్డారు ఆంటీ, బంటు వచ్చేదాకా కదలకూడదు’ అన్నాడు. వెటకారం లేదు, మొహమాటం లేదు, గెలిచానన్న గర్వం కూడా లేదు. రెండు మూడు రకాలుగా ఆడి చూపించాడు, వాళ్లమ్మ పిలిస్తే వెళ్లిపోయాడు.

హాలు బయట వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాను. కళ్లు చెమర్చాయి. ఓడినందుకు కాదు. నీ తప్పు ఇదీ అని సూటిగా, ప్రేమా ద్వేషమూ లేకుండా ఒక మనిషి నాతో చెప్పి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టుకున్నాను. అమ్మ పోయినప్పటి నుంచి, పదకొండేళ్లు. ఆ అబ్బాయి ఉన్న లోకంలో పెద్దాచిన్నా లేదు, తప్పొప్పులే ఉన్నాయి. అతని పక్కన కాసేపు కూర్చోనివ్వడమే ఈ ఆట నాకు చేసిన మేలు.

రూఢిగా నమ్మినదే పొరపాటని తేలడం ఎలా ఉంటుందో రిచర్డ్ రేటీ 1921లో కూర్చిన ఒక లెక్క చూపిస్తుంది. బల్ల మీద నాలుగే పావులు, రెండు రాజులు, రెండు బంట్లు. తెల్లరాజు అవతలి మూలలో ఒంటరిగా ఉన్నాడు. నల్లబంటు అతని ముందే మంత్రి కావడానికి పరుగెడుతోంది, అందుకోవాలంటే రెండు ఎత్తులు వెనకబడి ఉన్నాడు. తన బంటు ఎక్కడో దూరాన ఉంది, దాని పక్కనే నల్లరాజు కాచుకుని ఉన్నాడు. ఆ బంటును ఆదుకోవడానికీ అంతే దూరం. నా పుస్తకంలో ‘తెలుపు ఓటమి, సందేహం లేదు’ అని రాసి కింద గీత కూడా గీశాను.

కానీ అది డ్రా. రాజు నిటారుగా బంటు వెనక పరుగెత్తడు, ఏటవాలుగా నడుస్తాడు. కాగితం మీద ఏటవాలు దారి పొడవు ఎక్కువ. చదరంగం బల్ల మీద రాజుకి నాలుగు గడులు నిటారుగా వెళ్లినా నాలుగే ఎత్తులు, ఏటవాలుగా వెళ్లినా నాలుగే. అందువల్ల ఒకే అడుగు ఇటు నల్లబంటుకూ, అటు తన బంటుకూ దగ్గరవుతుంది. మూడో అడుగుతో నడిబల్లకు చేరేసరికి అతన్ని రెండు పనుల్లో ఏదో ఒకటి చేయనివ్వక నలుపుకు తప్పదు. నల్లరాజు బంటును కొడితే, ఇతను వెనక్కి తిరిగి పారిపోయే బంటును పట్టుకుంటాడు. నల్లబంటు పరుగెడితే, ఇతను తన బంటు పక్కకు చేరుతాడు. ఆ రాత్రి పావులు మళ్లీ మళ్లీ నడిపించి చూశాను. నేను తప్పు లెక్కవేయలేదు. ఒక్కో పనికీ విడివిడిగా సరిగ్గానే లెక్కవేశాను. రెండూ కలిసి ఒకే దారిలో ఉండవచ్చన్న ఊహే రాలేదు. గీత గీసిన ఆ వాక్యం కింద తేదీ వేసి అభ్యంతరం రాశాను. కొట్టివేయలేదు, అది అలాగే ఉండాలి.

వయసు సంగతి ఎత్తినవాళ్లు నాకు ధైర్యం చెప్పడానికి 1984లో 63 ఏళ్ల మాజీ ప్రపంచ చాంపియన్ స్మిస్లోవ్ క్యాండిడేట్స్ ఫైనల్‌లో 20 ఏళ్ల కాస్పరోవ్‌తో ఆడిన సంగతి, 66 ఏళ్ల లాస్కర్ 1935లో మాస్కోలో మూడో స్థానంలో నిలిచిన సంగతి చెబుతారు. వాళ్లు చిన్ననాటి నుంచి ఆట ఎరిగినవాళ్లు. ఆలస్యంగా మొదలుపెట్టిన నాలాంటి వాళ్లకు వాళ్లు ఉదాహరణ కారు, ఆ అవసరమూ లేదు. అంతర్జాతీయ సమాఖ్య రేటింగులు 1400 దగ్గర మొదలవుతాయి. నాది ఇప్పుడు 1463. నాలుగేళ్ల కిందట నన్ను ఇరవై ఎత్తుల్లో ఓడించిన బ్యాంకు ఉద్యోగి ఇప్పుడు నాతో యాభై ఎత్తులు ఆడాల్సి వస్తోంది, అప్పుడప్పుడు ఓడుతున్నాడు. రూళ్ల పుస్తకాలు మూడయ్యాయి. మూడో దానిలో ‘ఎందుకో అడగలేదు’ అన్న మాట తగ్గింది, పూర్తిగా పోలేదు. అమ్మాయి ఫోన్లు ఇప్పుడు ఎక్కువసేపు సాగుతున్నాయి. మొన్నొకసారి ‘కాదమ్మా, నువ్వు చెప్పేది తప్పు’ అంది. ఆ మాట అక్షరం పొల్లుపోకుండా తేదీతో రాసుకున్నాను.

గత ఆదివారం ఆట 34వ ఎత్తు దగ్గర చేజారింది. ఆ క్షణాన ఏమనుకున్నానో రాసి పెట్టాను. గడియారంలో 22 నిమిషాలు మిగిలి ఉన్నాయి. ఈ రోజు బుధవారం, మూడో గడి ఇంకా ఖాళీగా ఉంది.