మాట్లాడని బిడ్డ



2005 నుండి దంతెవాడ ప్రాంతంలో సల్వాజుడుంకూ మావోయిస్టులకూ నడుమ నలిగి, వేలాది గుత్తికోయలు ఇల్లూ పొలమూ విడిచి మన భద్రాచలం అడవులకు తరలివచ్చారు. వారి పిల్లలు మన పిల్లల ప్రక్కనే బడిలో కూర్చుంటున్నారు. ఇంట్లో కోయభాష, బడిలో తెలుగు. బదులు పలకని బిడ్డను మనం మొద్దు అంటున్నాము. వాడు మొద్దు కాదు. మన మాట రాదు, అమ్మానాన్నల భయం వాడికీ అంటింది.

హేరోదుకు వెరచి ఐగుప్తు చేరిన బాలయేసు కూడ అక్కడ పరాయి బిడ్డడే గదా!

ఉపాధ్యాయులారా, కోయ తెలిసిన పెద్దను వెంటబెట్టుకొని వారి గుడిసెకు వెళ్ళండి. గతాన్ని తవ్వి అడుగవద్దు, చెప్పింది వినండి. తల్లులారా, ఆ బిడ్డను మీ బిడ్డతోపాటు కూర్చోబెట్టి అన్నం పెట్టండి. పరదేశిని చేర్చుకొన్నవారు ప్రభువునే చేర్చుకొన్నవారు.