మొదటి కాలం

మా అబ్బాయి గిటారు కొనుక్కున్నాడు. కొనుక్కున్నది వాడైనా ఫలితం అనుభవిస్తున్నది నేను. సాయంత్రం ఆరయ్యేసరికి నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటాను, పక్కగదిలో వాడు మొదలుపెడతాడు. పాటయితే విందును. పాట కాదు. ఒక తీగ మీద నాలుగు మెట్లు, నాలుగు వేళ్లు - ఒకటి, రెండు, మూడు, నాలుగు. తర్వాత ఇంకో తీగ. మళ్లీ ఒకటి, రెండు, మూడు, నాలుగు. దానికి తోడు సెల్‌ఫోన్లో మెట్రోనోమ్ నిమిషానికి 60 సార్లు టిక్కు టిక్కుమంటూ ఉంటుంది.

పదోరోజున ఉండబట్టలేక, "ఒరేయ్, పాట ఎప్పుడు వాయిస్తావురా?" అని అడిగాను.

"చెయ్యి రానీ అమ్మా" అన్నాడు.

చెయ్యి రావడమంటే ఏమిటో చూద్దామని వెళ్లి పక్కన కూర్చున్నాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిన్న ప్లాస్టిక్ బిళ్ల పట్టుకున్నాడు. దాన్ని పిక్ అంటారట. ఒకసారి కిందికి మీటితే రెండోసారి పైకి మీటాలి. తీగ మారినా ఆ వరస తప్పకూడదు. బిళ్ల కొస మాత్రమే తీగకు తగలాలి. చెయ్యి ఎక్కువ ఊగకూడదు, మణికట్టు బిగబట్టకూడదు. కిందికి మీటినా, పైకి మీటినా స్వరం ఒకే బరువుతో పలకాలి. 60 దగ్గర తప్పు లేకుండా వస్తేనే 64కు వెళ్లడం. అక్కడ తడబడితే మళ్లీ వెనక్కి రావడం.

"ఇంత నెమ్మదిగా ఎందుకురా? వేగంగా కూడా వాయించగలవుగా?" అన్నాను.

"వేగంగా వాయిస్తే తప్పు వినబడదమ్మా. చేతికేమో ఏది తప్పో ఏది ఒప్పో తెలీదు. ఏది ఎక్కువసార్లు చేస్తే దాన్నే నేర్చేసుకుంటుంది" అన్నాడు.

పంతొమ్మిదేళ్లవాడు, ఆ మాట అనేసి మళ్లీ టిక్కు టిక్కులో పడిపోయాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలంటే మా ఇంట్లో వీణ సంగతి చెప్పాలి.

మా పడగ్గదిలో బీరువా పక్కన, గలీబు తొడుక్కుని ఒక వీణ ఉంది. బొబ్బిలి వీణ. ఒకే పనస దుంగను తొలిచి చేసింది. నా పదకొండో ఏట మా నాన్నగారు కొనిపెట్టారు. ఏడేళ్లు నేర్చుకున్నాను. పెళ్లిచూపుల్లో వాయించాను. పెళ్లయిన రెండేళ్లకు ఆగిపోయింది.

'ఆగిపోయింది' - చూడండి, ఎంత సౌకర్యమైన మాటో! ఎవరు ఆపారో చెప్పక్కర్లేదు. అయినా నేను చెబుతూనే వచ్చాను. ఎవరైనా చుట్టాలొచ్చి "నువ్వు వీణ వాయించేదానివి కదూ?" అంటే, "ఈ ఇంట్లో అడుగుపెట్టాక ఇంకా వీణేమిటి పిన్నీ, ఊపిరి పీల్చుకునే తీరికేదీ?" అని నిట్టూర్చేదాన్ని. మా అత్తగారు తలవంచుకుని చిక్కుళ్లు ఒలుచుకునేవారు. మావారు పేపరు ఇంకాస్త పైకెత్తి పట్టుకునేవారు. ఆ నిట్టూర్పు ఎన్నిసార్లు సాధన చేశానో లెక్కలేదు. అది మాత్రం నాకు మూడు కాలాల్లోనూ వచ్చు!

మూడు కాలాలంటే సంగీతం నేర్చుకున్న వాళ్లకు చెప్పక్కర్లేదు. మాయామాళవగౌళలో సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు. ఈ పాఠాల వరస పురందరదాసు ఏర్పరచినదని సంప్రదాయం చెబుతుంది. ప్రతి పాఠం మూడు వేగాల్లో రావాలి. తాళం నడక మారదు. దెబ్బకు ఒక స్వరం మొదటి కాలం, రెండు స్వరాలు రెండో కాలం, నాలుగు మూడో కాలం. వీణ మీదయితే కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మీటుతుంటే, పక్కనున్న మూడు తాళపు తీగలను చిటికెనవేలు చూసుకోవాలి.

నా మధ్యవేలు బలహీనం. మూడో కాలంలో అది తన వంతు స్వరాలు సగం మింగేసేది. మా మేష్టారు పట్టేసుకుని, "మొదటి కాలానికి రా తల్లీ" అనేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. వర్ణాలు వాయించే పిల్లను, మళ్లీ సరిగమల దగ్గరికి పోవడమా! మేష్టారి ఎదుట సరేననేదాన్ని, ఇంటికొచ్చి వేగంగా లాగించేసేదాన్ని. పెళ్లిచూపుల్లో అందరూ "ఎంత చురుకైన చెయ్యో" అన్నారు. మింగిన స్వరాల సంగతి నాకొక్కదానికే తెలుసు.

అత్తవారింటికి వచ్చాక, "సాయంత్రం దీపం పెట్టే వేళ కాస్త వాయించమ్మా, వింటాను" అని అడిగింది మా అత్తగారే. రెండేళ్లు వాయించాను. ఒకసారి పేరంటానికొచ్చిన పెద్దావిడ ఒకరు అంతా విని, పసుపు రాయించుకుంటూ, "మధ్యవేలు కొంచెం చూసుకో అమ్మాయ్" అన్నారు, నెమ్మదిగా, నాకు మాత్రమే వినబడేలా. ఆ మర్నాటి నుంచీ నాకు తీరిక లేకుండా పోయింది.

పని అబద్ధమని అనడంలేదు. తీరిక దొరక్క, దొరకనివ్వక, చేతిలోని విద్యను చేజేతులా పోగొట్టుకున్న ఆడవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. వాళ్ల కష్టం నిజం. నేను చేసిందేమిటంటే, వాళ్ల నిజాన్ని అరువు తెచ్చుకుని నా అబద్ధానికి కప్పాను. ఎవరికీ నష్టంలేని అబద్ధం తప్పెలా అవుతుందని ఇదివరకు వాదించేదాన్ని. నష్టంలేకపోవడమేమిటి? తలవంచుకుని చిక్కుళ్లు ఒలిచిన మనిషి చేయని తప్పు మోసింది కదా!

ఇంకో సంగతీ తోచింది. నలుగురిలో ఒకసారి ఆడిన అబద్ధం మనకే గుచ్చుకుంటుంది. వందసార్లు ఆడితే వేళ్లకు కాయ కాసినట్టు మనసుకూ కాయ కాస్తుంది. ఇక నొప్పి ఉండదు. మా వాడన్నట్టు, మనసుకూ తప్పొప్పులు తెలియవేమో, ఎక్కువసార్లు చేసిందే నేర్చుకుంటుందేమో! సాధన గురించి వేమన చెప్పిన పద్యం మనకందరికీ నోటికి వచ్చు. అయితే మనం రోజూ ఏం సాధన చేస్తున్నామో చూసుకునేది ఎంతమందిమి?

మెట్రోనోమ్‌కు మేల్జెల్ అనే ఆయన 1815లో పేటెంటు పుచ్చుకున్నాడు. అది మెచ్చుకోదు, దెప్పదు. ఇంట్లోవాళ్లకు ఆ గుణం రాదు. ప్రేమ ఉంటే "భలే" అంటారు, కోపముంటే "చాల్లే" అంటారు. రెండూ చెవిని మూసేసేవే. మనల్ని మనం వినాలంటే రోజులో కాసేపయినా ఆ టిక్కు టిక్కు లాంటి తోడు కావాలి. మొదటి కాలంలో వాయించాలి. అక్కడ దాక్కునేందుకు చోటుండదు.

మర్నాడు గలీబు తీశాను. తీగలు తుప్పు పట్టాయి. మెట్ల కింద మైనం బీటలిచ్చింది. మావారి దగ్గరకెళ్లి, "నా వీణ మీరెవరూ ఆపలేదండీ, నేనే ఆపుకున్నాను" అన్నాను.

పేపరు దించి, "తెలుసు" అన్నారు.

"తెలిసీ ఇన్నేళ్లూ ఊరుకున్నారా?"

"ఆ నిట్టూర్పు అంత బాగా కుదిరింది కదా, మధ్యలో తాళం తప్పించడం దేనికని!" అన్నారు.

బాగుచేయించి నెలయింది. మధ్యవేలు ఇంకా రెండో కాలానికి రాలేదు. తొందరలేదు. మావారికయితే చెప్పగలిగాను. మా అత్తగారు పోయి నాలుగేళ్లయింది, ఆవిడకు చెప్పే వీల్లేదు. అందుకే దీపం పెట్టే వేళకు సరళీస్వరాలు మొదలుపెడుతున్నాను. ఆవిడ అడిగిన వేళ అదే.