చూచుట వేరు, గౌరవించుట వేరు

చెన్నపట్టణమునకు దక్షిణమున, సముద్రతీరపు ముట్టుకాడులో 'దక్షిణచిత్ర' అను ప్రదర్శనశాల కలదు. 1996లో ప్రారంభమైన ఈ స్థలమున తమిళ, కేరళ, కర్ణాటక, ఆంధ్ర దేశముల పాత ఇండ్లు కానవచ్చును. శిథిలమగుచున్న కొన్ని ఇండ్లను కొని, స్తంభములను, దూలములను, తలుపులను విప్పి తెచ్చి, ఇచ్చట మరల నిలిపిరి. అందు నల్లగొండ ప్రాంతపు ఇక్కత్ నేతగాని ఇల్లొకటి. కుమ్మరి సారె యొద్ద బాలురు తామును మట్టిని పట్టి చూడవచ్చును.

ఒక కుటుంబము అచ్చటికి పోయినదనుకొందము. తండ్రి ప్రవేశ రుసుమును మారుమాటాడక చెల్లించెను. నూలును ముందే కట్టి, రంగులలో ముంచి, పిదప మగ్గమున కెక్కించు విధమును తెలిసికొని, "మన పెద్దలెంతటి వారు!" అని మెచ్చుకొనెను. సారె మీద కుమార్తె చేతిలో కుండ వంకరపోగా, కుమ్మరి వ్రేలి కొనతో దానిని సరిచేసెను. "నాయనా, నేనీ పని నేర్చుకొందునా?" అని ఆమె యడిగెను. "మనకెందుకమ్మా ఆ పని?" అనెను తండ్రి. కుమ్మరి వినుచునే యుండెను. పిమ్మట తండ్రి ఒక మట్టిపాత్రను చేతబట్టి, "పది రూపాయలు తగ్గించవోయ్" అని యతనితో బేరమాడెను.

గతించిన శ్రమకు చేతులు జోడించి, ఎదుటనున్న శ్రమను చులకన చేయువాడు దేనిని గౌరవించినట్లు?

అట్లయిన కుమ్మరి బిడ్డ కుమ్మరిగనే యుండవలెనా యని కొందరడుగుదురు. అక్కరలేదు. ఆ బిడ్డకును చదువు కావలెను, ఇచ్ఛవచ్చిన వృత్తి కావలెను. కాయకము పుట్టుకతో తగిలించిన సంకెల కాదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు బట్టలుతికిన మడివాళ మాచయ్యయు, పడవ నడిపిన అంబిగర చౌడయ్యయు, బిజ్జలుని కొలువున నున్న బసవేశ్వరుడును శరణులే. వారి గౌరవము పని యొక్క పేరునుబట్టి కాక, దానిని చేసిన నిష్ఠనుబట్టి కలిగినది.

పిల్లలను ఇట్టి స్థలములకు తప్పక తీసికొనిపోవలెను. కాని పెద్దలు ముందు తాము రెండు పనులు చేయవలెను: చేతిపని చేయువారిని 'మీరు' అని పిలుచుట, న్యాయమైన వెలను బేరమాడక యిచ్చుట. గోడమీది పలకలను చదువుటకు ముందే పిల్లలు తండ్రి మాటను చదువుదురు. ఇంటికి చేరిన పిమ్మట వారికి గుర్తుండునదియు అదియే.