ఎవరి విశ్రాంతి దినం?

పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో వృత్తిక్రీడగా స్థిరపడిన బేస్‌బాల్ మతస్వేచ్ఛకు సంబంధించిన ఒక చిక్కు ప్రశ్నను ముందుకు తెచ్చింది: ప్రభుత్వం ఏ మతాన్నీ నిషేధించకపోయినా, అందరూ అనుసరించవలసిన వారక్రమం ఒకే మతానిది అయినప్పుడు తక్కినవారి భక్తికి మిగిలే స్వేచ్ఛ ఎంత? 1876లో ఏర్పడిన నేషనల్ లీగ్ క్రైస్తవుల విశ్రాంతి దినమైన ఆదివారం ఆటలు సాగనివ్వలేదు. ఆదివారాలు మైదానాన్ని అద్దెకివ్వడం, బీరు అమ్మడం మానలేదన్న కారణంతో 1880లో సిన్సినాటి జట్టును వెలివేసింది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేవరకు యూదులు పనులు మాని పాటించే సబ్బాతు మాత్రం మైదానంలో మామూలు రోజే.

తొలి యూదు వృత్తి బేస్‌బాల్ క్రీడాకారుడిగా పేరొందిన లిప్‌మన్ పైక్ 1845లో న్యూయార్క్‌లో పుట్టాడు. బాలుడు పదమూడో ఏట ధర్మశాస్త్రపు ఆజ్ఞలకు తానే బాధ్యుడయ్యే ఘట్టాన్ని యూదులు బార్ మిట్స్వా అంటారు. పైక్ పేరు ఆట నమోదుల్లో కనిపించడం ఆ వేడుక ముగిసిన వారానికే మొదలైంది. జీతానికి ఆడకూడదన్న నియమం అమల్లో ఉండగా, 1866లో ఫిలడెల్ఫియా జట్టు నుంచి వారానికి 20 డాలర్లు పుచ్చుకున్నాడన్న అభియోగం అతనిపై వచ్చి, చివరికి వీగిపోయింది. అసలు ప్రశ్న పదునెక్కేది ఈ జీతం దగ్గరే. ఆట సరదాగా ఉన్నంతకాలం శనివారం రానని చెప్పడానికి అడ్డేమీ లేదు గాని, అది బతుకుతెరువైనాక ఆ మాటకు పొట్టకూడే వెల అవుతుంది. పైగా సబ్బాతునాటి శ్రమకు కూలి తీసుకోవడాన్ని రబ్బీల సంప్రదాయం, అంటే యూదు ధర్మపండితుల పరంపర, విడిగా నిషేధించింది కూడా.

1934లో ఈ సంఘర్షణ దేశమంతటి కళ్లెదుటికి వచ్చింది. డెట్రాయిట్ ఆటగాడు హాంక్ గ్రీన్‌బర్గ్ యూదుల సంవత్సరాది అయిన రోష్ హషానా నాడు మైదానంలోకి దిగి రెండు హోమ్ రన్లు కొట్టగా, జట్టు 2-1తో గెలిచింది. తొమ్మిది రోజులకు వచ్చిన ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ నాడు అతడు ఆట మాని సినగాగుకు, అంటే యూదుల ప్రార్థనామందిరానికి, వెళ్లాడు. లోపలికి అడుగుపెట్టగానే ప్రార్థన ఆగి, భక్తులు చప్పట్లు కొట్టారు. ఆ రోజు జట్టు ఓడిపోయింది.

శనివారాలన్నీ ఆడినవాడు ఏడాదికొక్క రోజు మానితే అది భక్తి ఎలా అవుతుందని ధర్మశాస్త్రాన్ని అక్షరాలా చదివేవారు అడగవచ్చు, ఆ ఆక్షేపణ తేలిగ్గా తోసిపుచ్చదగింది కాదు. అయినా తన పండుగకు చోటివ్వని వారక్రమంలో జీవిస్తూ, లీగ్ టైటిల్ పోటీ ముమ్మరంగా సాగుతుండగా ఒక రోజును దేవునికి విడిచిపెట్టడంలో, ఆదివారం నాడు చట్టమే మైదానాన్ని మూసిపెట్టినప్పుడు చర్చికి వెళ్లినవారు ఏనాడూ ఎదుర్కోనవసరం రాని పరీక్ష ఉంది, కాబట్టి అతని విశ్వాసాన్ని వారి విశ్వాసంతో ఒకే కొలబద్దతో తూచడం న్యాయం కాదు.